ఏడో వరుస

ఎడమ చిటికెనవేలితో షిఫ్టు మీటని అదిమిపెట్టి, కుడిచేత్తో రీస్టార్టు నొక్కాడు. తెర నీలమైంది. తొమ్మిది వరుసల జాబితా వచ్చేసరికి భుజం అడ్డం పెట్టి, ముందుకు వంగి, ఏడు నొక్కాడు. పదకొండేళ్ళుగా అలా వంగి వంగి వీపు గూనిదేలింది.

పేరుపలకలు చెక్కే ఆ యంత్రం పాతది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాముకి, అదే డ్రైవర్‌కి, కంపెనీ సంతకం లేదు. సంతకం లేనిదాన్ని కంప్యూటర్ గడప తొక్కనివ్వదు. ఏడో వరుస నొక్కితే ఆ తనిఖీ ఆగుతుంది. అదీ కంప్యూటర్ మళ్ళీ ఆగి వెలిగేదాకానే. ఈ కిటుకు తెలిసినవాడు కొట్లో అతనొక్కడే. అందుకే అతనికి అక్కడ కుర్చీ ఉంది.

ముందు బల్ల దగ్గర తోడల్లుడు కూర్చుంటాడు. వచ్చినవాళ్ళంతా అతనితోనే నవ్వుతారు. యజమాని సలహా అడిగేదీ అతన్నే. భార్య కూడా బతికున్నన్నాళ్ళూ, "మరిదిగారిని చూసి నేర్చుకోండి, ఆ మొహం మీద కాస్త నవ్వు పెట్టుకోండి" అనేది. ఆవిడ పోయి మూడేళ్ళయినా ఆ మాట పోలేదు.

"ఏం అన్నయ్యా, మంత్రం వేశారా?" అన్నాడు తోడల్లుడు.

"నీకెందుకు? నీ ఇకిలింపులు నువ్వు అమ్ముకో."

మధ్యాహ్నం ఇంట్లో తిని చెయ్యి కడుక్కుంటుండగా కరెంటు పోయి, వెంటనే వచ్చింది. అతనికి నవ్వొచ్చింది. కొట్లో కంప్యూటర్ ఆగి ఉంటుంది. సాయంత్రానికి ఆసుపత్రికి నలభై పలకలు ఇవ్వాలి. అందరి ముద్దుబిడ్డ ఇప్పుడు చేతులు నలుపుకోవాలి. చెప్పులు తీరిగ్గా వేసుకుని, చుట్టుదారిన బయల్దేరాడు.

వీధి మలుపులోనే యంత్రం ఇత్తడిని గీరుతున్న చప్పుడు వినిపించింది.

అతని కుర్చీలో తోడల్లుడు ఉన్నాడు.

"ఎవరు నొక్కారు?"

"నేనే. ఆసుపత్రాయన నెత్తినెక్కి కూర్చున్నాడు. మీరేమో రారు."

"నీకెవరు చెప్పారు?"

తోడల్లుడు నవ్వలేదు. "వదిన. మంచాన పడ్డప్పుడు చెప్పింది. 'మీ అన్నయ్య ఎప్పుడైనా రాలేకపోతే పని ఆగకూడదు, ఏడు నొక్కండి. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి' అంది. ఒక్కనాడైనా నొక్కానా అన్నయ్యా, ఇవాళ తప్ప?"

ఆ సంగతి అతను లోకంలో ఒక్క మనిషికే చెప్పాడు. "నా నోట్లో నువ్వుగింజ నానుతుంది లెండి" అని నవ్విందావిడ. దాచింది నిజమే, ఎవరి దగ్గర దాచాలో వాడి దగ్గర తప్ప. వాడేమో ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నాడు. ఆ వంగిన వీపుని చూసి జాలిపడుతూ ఊరుకున్నాడు.

"రండి, కూర్చోండి" అని తోడల్లుడు లేచాడు.

ఆ కుర్చీ వెచ్చగా ఉంటుందని అతనికి తెలుసు. కూర్చోలేదు. కళ్ళజోడు, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

"రేపు కాస్త పెందరాళే రండన్నయ్యా, ఇంకో ఇరవై ఉన్నాయి."

అతను మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. కబురు చేస్తే తలుపు తీయలేదు.

కుర్చీలో, భార్య పాత బట్టలు మడిచి కుట్టిచ్చిన మెత్త అలాగే ఉంది, నడుమ గుంటపడి, ఒక మూల దారం ఊడి.