పూత కింద గోడ

తుపాను దాటిపోయాక వీధిలో అందరి ఇళ్ళకూ అతుకులేసిన తాపీమేస్త్రి, తన ఇంటి గోడకు మాత్రం అబద్ధం పూశాడు.

ఉన్న రెండు గదుల్లో ఒకదాని కప్పు గాలికి ఎగిరిపోయింది. రెండో గదిలో చుక్క కారలేదు గానీ, వీధివైపు గోడ పైనుంచి కిందిదాకా నిలువునా చీలింది. బయట ముసురు వదల్లేదు. ముసలితల్లి మంచం వెయ్యడానికి ఆ గోడ పక్కన తప్ప చోటు లేదు. ఆవిడ ఆ చీలికనే చూస్తూ రాత్రంతా కన్ను మూసేది కాదు, పగలు ముద్ద మింగేది కాదు. చూడలేక కొడుకు ప్రాణం ఉసూరుమంది. ఇసుకలో కాస్త సిమెంటు కలిపి చీలిక మీద పూసి, పైన సున్నం కొట్టేశాడు.

"ఇక ఏనుగొచ్చి గుద్దినా కదలదమ్మా," అన్నాడు.

పిచ్చితల్లి నమ్మింది. ఆ రాత్రి నుంచి గురకపెట్టి నిద్రపోయింది. మేస్త్రి మాత్రం గుమ్మంలో కూర్చుని తెల్లవార్లూ గోడకేసి చూసేవాడు. పూత చీలికను దాస్తుందే తప్ప గోడను మొయ్యదని అతనికి వేరే చెప్పాలా?

తర్వాత నష్టం చూసి సాయం రాసే ఇంజినీరు వచ్చాడు. ఉండడానికి పనికిరాదని తేలిస్తేనే కొత్త ఇల్లు. లేదంటే టార్పాలిన్ పట్టతో సరి. ఆయన గోడను నిమిరాడు, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

"గోడలు బాగానే ఉన్నాయి మేస్త్రీ. కప్పు పోయిన గదికి పట్ట ఇస్తారు."

మేస్త్రి గోడకేసి చూశాడు. ఈలోగా తల్లి అందుకుంది.

"మావాడి చేతిపని బాబూ. దాని పక్కనే పడుకుంటున్నా. చీమ కూడా దూరదు."

ఇంజినీరు గుమ్మం దిగబోతున్నాడు. ఆయన వెళ్ళిపోతే తల్లి బతుకంతా ఆ గోడ కిందే.

"ఒక్క నిమిషం సార్," అని మేస్త్రి సుత్తి అందుకున్నాడు.

"బంగారం లాంటి గోడరా, ఏం చేస్తున్నావ్?" అంది తల్లి.

నాలుగు దెబ్బలకు పూత పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. చీలిక మునుపటికంటే వెడల్పయింది. అందులోంచి వీధి కనిపిస్తోంది.

ఇంజినీరు రెండడుగులు వెనక్కి వేశాడు. "బుద్ధుందా నీకు? పెద్దావిణ్ణి దీని పక్కన పడుకోబెడతావా?" అని కసిరి, ఇల్లు పనికిరాదని రాసుకున్నాడు. "సాయంత్రంలోగా ఖాళీ చేసి బడిలో పెట్టిన శిబిరానికి వెళ్ళిపోండి. కొత్తిల్లు ఎప్పుడొస్తుందో మాత్రం నన్నడక్కు."

కావాల్సింది దక్కింది. మేస్త్రి మాత్రం తల ఎత్తలేకపోయాడు. ఇంజినీరు తిట్టిన తిట్టు రోజూ తనను తాను తిట్టుకుంటున్నదే.

తల్లి లేచివచ్చి చీలికలో చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా దూరింది.

"రాత్రిళ్ళు గుమ్మంలో కూర్చునేది దీనికా? నిద్ర పట్టట్లేదన్నావు."

అతను తలూపాడు.

"నాతో చెప్పాల్సిందిరా. నేనూ నీ పక్కన కూర్చునేదాన్నిగా."

మంచం ఎత్తబోతే అతణ్ణి పట్టనివ్వలేదు. తనే ఒక కోడు పట్టుకుని, ఆగుతూ ఆగుతూ గుమ్మం దాకా ఈడ్చుకుపోయింది.