మాటు వేయలేని గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. పేరుకు గిన్నెనే గానీ, నాలో చారు తప్ప మరొకటి కాచిన పాపాన ఎవరూ పోలేదు. పార్వతీపురం వైపు కంచరి ఒకాయన నన్ను మూడు రోజులు సుత్తితో బాది ఈ రూపానికి తెచ్చాడు. పెళ్ళయిన కొత్తలో సన్యాసమ్మ నన్ను తిరనాళ్ళలో చూసి, మొగుడు వద్దంటున్నా వినకుండా చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచీ నాకు కాస్త టెక్కు. దాచడమెందుకు, పొగిడితే పొంగిపోయే రకాన్ని.

ఇత్తడిలో పులుపు కాచాలంటే లోపల తగరంతో కళాయి పూసి ఉండాలి. పాత రోజుల్లో ఏటా పూయించేవారు. తర్వాత ఇంట్లోకి స్టీలు వచ్చింది, నేను అటకెక్కాను. ఇరవై ఏళ్ళు బల్లులతో కాపురం చేశాను. ఆ మధ్య ఫోన్లో ఎవరో ఇత్తడిలో వండుకుంటే ఒంటికి మంచిదని చెప్పారట. మనుషుల సంగతి తెలిసిందే కదా, అత్త చెబితే వినని కోడలు హైమ ఫోను చెబితే విన్నది. నన్ను కిందికి దింపారు. వీధిలోకి వచ్చిన కళాయివాడు తిత్తి ఊది, నన్ను కాల్చి, లోపల తళతళలాడే పూత పూశాడు.

పూత పడగానే నాకు తేడా తెలిసింది. తగరం ఖరీదు కదా, అతను వాడిన కడ్డీలో సగానికి సగం సీసం. ఆ సంగతి అతనికైనా తెలుసో లేదో, చవకగా దొరికింది కొన్నాడు. చెబుదామంటే నాకు ఇంత నోరుంది గానీ మాట లేదు. పైగా ఇంటిల్లిపాదీ నన్ను చూసి మెచ్చుకుంటుంటే మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రోజూ చింతపండు చారే. మిగిలినది రాత్రంతా నాలోనే ఉండేది. హైమ కూతురు జోషితకు ఆరేళ్ళు. ఆ నిన్నటి చారునే పొద్దున్నే మామ్మ చేత చద్దన్నంలో పోయించుకుని తినేది. పులుపు నా పూతను కొరికేది, కంటికి కనిపించనంత, నాలుకకు తెలియనంత. ఒక్క పూటలో ఎవరికీ ఏమీ కాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏడాది తిరిగేసరికి పిల్లకు మాటిమాటికీ కడుపునొప్పి, ముఖంలో నెత్తురు లేదు, వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోతోంది. దిష్టి అన్నారు, గారాబం అన్నారు, బడిలో బద్ధకం అన్నారు.

హైమ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. మూడు ఆసుపత్రులు తిరిగింది. చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి, అందులో సీసం ఉందని తేల్చింది.

"ఇది ఒక్కరోజులో ఎక్కింది కాదమ్మా, రోజూ కొంచెం కొంచెం ఎక్కింది. ఎదిగే పిల్లలకు ఆ కొంచెమే చాలు. ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకండి. అది ఆగితేనే పిల్ల కోలుకుంటుంది."

హైమ వెతికింది. నీళ్ళు, పసుపు, గోడ రంగు, పిల్ల బొమ్మలు, ఒక్కొక్కటే పరీక్షకు పంపింది. ఏదీ కాదు. నెల తర్వాత ఒకరోజు పొయ్యి ముందు నిలబడి నన్నే చూసింది. నాలో కాచిన చారు ఒక బాటిల్లో, స్టీలు గిన్నెలో కాచింది మరో బాటిల్లో పోసుకుని బస్సెక్కింది. సన్యాసమ్మ మండిపడింది. అప్పట్లో రోజూ ఈ గిన్నెలోదే తిన్నాం, మాకేమైందని ఇల్లు పీకి పందిరేసింది. పరీక్ష కాగితం వచ్చింది. దోషం నాదే.

సన్యాసమ్మ గుమ్మంలో కూలబడింది. "నా సేత్తోనే పోసినాను కదే అమ్మీ" అంది.

"మనకి తెలీదు కదత్తా. ఇప్పుడు తెలిసింది" అంది హైమ.

తర్వాతి వారం పాత సామాన్లు కొనేవాడు వచ్చాడు. పట్నంలో ఏదో హోటల్లో పాత ఇత్తడిలోనే చారు కాస్తారట, నన్ను వాళ్ళకు ఇస్తానన్నాడు. సన్యాసమ్మ లోపలికి వెళ్ళి మేకూ సుత్తీ తెచ్చింది. నన్ను బోర్లించి అడుగున చిల్లు పొడిచింది. అతను నవ్వి, ఒక మాటు వేయిస్తే అతుక్కుపోతుందన్నాడు. ఆమె మళ్ళీ సుత్తి ఎత్తింది. ఆయాసపడుతూనే ఏడు చిల్లులు పొడిచింది.

"ఇప్పుడెయ్యించు మాటు. నా మనవరాలు తిన్నది సాల్దా, ఇంకోళ్ళ పిల్లలక్కూడా పెడతావా?"

అతను నన్నక్కడే వదిలేసి పోయాడు. ఆ రోజు నన్నెవరూ పొగడలేదు, అయినా నేను నిజంగా సంతోషించిన రోజు అదే. ఇప్పుడు వంటింటి గోడకు వేలాడుతున్నాను. ఇరుగుపొరుగు ఇదేమిటని అడిగితే, హైమ విసుక్కోకుండా మొత్తం చెప్పి, మీ గిన్నెల సంగతి చూసుకోండని పంపుతోంది.

పిల్ల నెత్తురులో సీసం తగ్గుతోందట. పోయినదంతా తిరిగొస్తుందో లేదో మాత్రం డాక్టరమ్మ మాటివ్వలేదు. నిన్న సాయంత్రం హైమ నన్ను దింపి, ఒళ్ళో బోర్లించుకుని, చిల్లులు లెక్కపెట్టమంది. జోషిత నాలుగు దాకా వచ్చి ఆగిపోయింది. ఐదో చిల్లు దగ్గర వేలు పెట్టి, మళ్ళీ నాలుగే అంది.

హైమ ఆ చిన్న వేలు పట్టుకుని మొదటి చిల్లు పక్కన పెట్టింది.

"పర్లేదు. మళ్ళీ ఒకట్నించి."