గోడవతలి చింత

గోడవతలి చింతచెట్టు తోమాసు కాకది. దాని కాయలు ఆయనవి, భయం మాత్రం మాది.

బొగ్గుబాయిలో నా పని పైకప్పు కింద కర్రలు నిలబెట్టడం. కప్పు దిగే ముందు ఆ కర్ర కిర్రుమంటుంది. ‘కర్ర మాట్లాడింది’ అంటాం మేము. అది మాట్లాడితే ఉన్నపళంగా పరుగెత్తాలి, పక్కవాడి కోసం కూడా వెనక్కి చూడకూడదు. అలా చూసిన ఇద్దరి శవాలను నేనే పైకి మోసుకొచ్చాను.

ఒకరోజు ఆ చింతను కట్టెతో తట్టి చూశాను. లోపలంతా డొల్ల.

“కాకా, నీ చెట్టు మాట్లాడుతాంది. కొట్టియ్యి,” అన్నాను.

తోమాసు కాక బాయి ఆఫీసులో గుమాస్తా. ఒక్కనాడూ బాయి దిగినవాడు కాదు. “ఏం మాట్లాడుతాందిరా ఎల్లేశం, నా మీద చాడీలా? పైన పచ్చగనే ఉన్నది. క్రిస్మస్ కానియ్యి, చూద్దాం.”

పోయిన క్రిస్మస్‌కూ ఇదే మాట. నాకు ఒళ్లు మండింది. గొడ్డలి అందుకుంటే నా భార్య అనసూర్య చెయ్యి పట్టుకుంది. “ఆయన జాగల చెట్టు. మనం కొడితే మనమే దొంగలమైతం.”

మాది ఒంటిగది పెంకుటిల్లు. మూడు నెలల మా బిడ్డ ఊయలను ఎటు జరిపినా ఆ కొమ్మల కిందే.

రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడి నిద్ర సగం ఇంట్లో, సగం బాయిలో. పెంకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలు మేము బాయిలో పెట్టుకునే టోపీ దీపాలై గోడల మీద తిరుగుతాయి. చింతపూలు రాలుతుంటే బొగ్గుపొడి రాలుతున్నట్టే ఉంటుంది. ఆ నిద్ర నాకు ఇష్టం కూడా.

ఆషాఢంలో ఒక ఆదివారం అనసూర్య నల్లా నీళ్లకు పోయింది. బయట గాలి లేచింది. నేను కలలో బాయిలో ఉన్నాను. చీకటి మెత్తగా ఉంది. దూరంగా దీపాలు ఈదుతున్నాయి. ఎక్కడో పసిపిల్ల నవ్వుతోంది. బాయిలో పసిపిల్ల ఏమిటని కూడా నాకు తోచలేదు. అప్పుడు కర్ర మాట్లాడింది.

లేచి పరుగెత్తాను. వెనక్కి చూడలేదు. రోడ్డు మీద ఎండ కళ్లలో కొట్టాక గానీ అది బాయి కాదని తెలియలేదు. బిడ్డ లోపలే ఉంది. అంతలోనే వెనక చెట్టు కూలింది.

తిరిగొచ్చి చూస్తే సగం ఇల్లు లేదు. ఊయల ఉన్నచోట చింత మొద్దు పడి ఉంది. పెరటి వైపు దుమ్ములోంచి తోమాసు కాక వచ్చాడు. ప్రార్థనకు కట్టుకున్న తెల్ల ధోవతి చిరిగిపోయింది. ఆయన చంకలో నా బిడ్డ కేరుమంటోంది. చెట్టు మొదటిసారి కిర్రుమన్నప్పుడే నేను రోడ్డెక్కాను. ఆయన అప్పుడే గోడ దూకాడు. నేను ఉరకడం కళ్లారా చూశాడు.

“నువ్వు చెప్తే ఇనకపోతిని బిడ్డా,” అని ఆయన ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అనసూర్య బిందె పారేసి ఉరికొచ్చి బిడ్డను లాక్కుంది. “ఎవలు తీసిండ్రు?”

నేను నోరు తెరిచాను.

“నీ పెనిమిటే,” అన్నాడు తోమాసు కాక. “గోడ మీదికెల్లి నా చేతికిచ్చిండు.”

అనసూర్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వాటిని వెనక్కి తీసుకోలేదు.