ఫోకస్ కోసం నిలబడ్డ మనిషి

"అక్కడ నిలబడు, ఫోకస్ చూసుకోవాలి," అన్నాడు మా ఆయన మొరిహికో.

వెళ్ళి, ఆకులు ఎర్రబడ్డ మోమిజి చెట్టు కింద నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలో, ముఖం ఎటు తిప్పాలో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన రిటైరై కెమెరా కొన్నప్పటినుంచీ ప్రతి శరత్తులోనూ నా పని ఇదే. ముందు నేను నిలబడతాను. ఆయన నా మీద గురి కుదుర్చుకుంటాడు. "చాలు, తప్పుకో" అంటాడు. తప్పుకుంటాను. అప్పుడు ఫొటో తీస్తాడు. అందులో ఎర్రటి ఆకులుంటాయి, నాచు పట్టిన రాళ్ళుంటాయి, గుడి చూరుంటుంది. నేనుండను. నా కోటు కూడా బూడిద రంగుదే. ముదురు రంగైతే దాని ఛాయ ఆకుల మీద పడుతుందని ఆయనే ఎంచి కొన్నాడు.

కెమెరా క్లబ్బు ప్రదర్శనలో ఒకరు ఆయన్ని అడిగారు, మీ చిత్రాల్లో ఇంత నిశ్శబ్దం ఎలా వస్తుందండీ అని. మనిషి ఒక్కరున్నా చిత్రం పాడైపోతుందని మొరిహికో నవ్వుతూ చెప్పాడు. ఆయన వెనకాలే నిలబడి నేను అందరికీ టీ పోస్తున్నాను. ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. మా అత్తగారు మంచాన పడ్డాక ఆవిడకి ఒళ్ళు తుడిచి, నడుముకి మందు రాసి, గంజి తాగించి పక్కకి జరిగితే, "నువ్వు నడిస్తే చప్పుడే ఉండదు, ఇంట్లో ఉన్నట్టే తెలీదు. నీలో మంచి గుణం అదే," అనేది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క మాటతోనే. ఆవిడ కోసం నేను బెంటో భోజనం డబ్బాలు కట్టి అమ్మే కొట్లో పని మానేసిన రోజున ఈయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఎలాగూ ఇంట్లో ఉండేదానివేగా," అన్నాడు. అన్నేళ్ళుగా పొద్దున్నే లేచి కొట్టుకి వెళ్ళి, నూనె వాసనతో తిరిగొచ్చి, ఆయనకి వంట చేస్తున్నదెవరో మరి. పిలవాల్సి వస్తే "ఇదిగో" అంటాడు. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్న ఊళ్ళో, మళ్ళీ పనిలో చేరిన కొట్లో, అందరూ నన్ను చిజురుసాన్, అంటే చిజురుగారూ, అనే పిలుస్తారు. మొదట్లో అది నా పేరేనని తోచి పలికేసరికి కాస్త ఆలస్యమయ్యేది.

ఆ రోజు మేం వెళ్ళిన గుడి బివా సరస్సుకి ఉత్తరాన, కొండల మధ్య ఉంది. జనం పెద్దగా రారు. ఒక ముసలి సన్యాసిని మాత్రం ఉంటుంది. అప్పుడే వాన వెలిసింది. తోటంతా తడిసి, ఎక్కడా పిట్ట కూత కూడా లేదు.

"చాలు, తప్పుకో."

తడి ఆకుల మీంచి నడిచొచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన కెమెరా మీంచి కన్ను తియ్యలేదు.

"తప్పుకోమన్నానుగా."

"తప్పుకున్నానండీ."

"మరి అక్కడున్నదెవరు?"

ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను. తలతిప్పి నన్ను చూశాడు, చెట్టుకేసి చూశాడు, మళ్ళీ కెమెరా తెరకేసి చూశాడు. నేనూ వంగి చూశాను. చెట్టు కింద ఎవరూ లేరు. తెరలో మాత్రం అదే చెట్టు కింద బూడిద రంగు కోటు వేసుకున్న ఆడమనిషి మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. ఒక ఆకు తిరుగుతూ వచ్చి ఆమె భుజం మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

లెన్సులోకి తేమ వెళ్ళిందన్నాడు. తుడిచాడు. చేతులు కడుక్కునే రాతి తొట్టి దగ్గర నిలబడమన్నాడు, నిలబడి వచ్చాను. గంట మండపం దగ్గరా అంతే. ఆ తర్వాత కెమెరాని తోటంతా కనబడేలా తిప్పి, తెర నావైపు తిప్పాడు. చెట్టు కింద ఒకరు, తొట్టి దగ్గర ఒకరు, మండపం దగ్గర ఒకరు. అందరిదీ ఒకే కోటు, అందరిదీ ఒకే వంగిన మెడ. నా వీపుని నేనెప్పుడూ అంతసేపు చూడలేదు. అలిసిపోయినట్టుంది.

సన్యాసిని వరండాలోకి టీ తెచ్చింది. పళ్ళెంలో ఐదు కప్పులున్నాయి. మేమిద్దరమేనని చెప్పాడాయన.

"తోటలో ముగ్గురున్నారు కదా, చలికి నిలబడిపోయి," అంది ఆవిడ. భయపెట్టడానికి అన్నట్టు లేదు. కప్పులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లోనూ పోసి, లోపలికి వెళ్ళిపోయింది.

మొరిహికో తన కప్పు ముట్టుకోలేదు. గొంతు తగ్గించి నాతో అన్నాడు, "వాళ్ళని తప్పుకోమను."

"నేనా?"

"నీలాగే ఉన్నారుగా. నువ్వు చెప్తే వింటారు."

లేచి వెళ్ళాను. కంటికి ఎవరూ కనబడలేదు. కానీ చెట్టు కింద గాలి, మనిషి అప్పుడే లేచి వెళ్ళిన పరుపులా వెచ్చగా ఉంది. మా అత్తగారి నడుముకి రాసిన మందు వాసన వేసింది. తొట్టి దగ్గర వేపుడు నూనె వాసన. వాళ్ళు ఎన్నాళ్ళనుంచి అలా నిలబడి ఉన్నారో నాకు తెలిసింది. తప్పుకోమని అందరూ చెప్పారు వాళ్ళకి. నేను కూడా చెప్పాలంటే నోరు రాలేదు. భయం వేయలేదు. వాళ్ళ మధ్య ఖాళీగా ఉన్న చోట నిలబడి, ఆయనకి వీపు తిప్పాను.

"చెప్పావా?" అన్నాడు వెనకనుంచి. కాసేపాగి, "ఇదిగో, ఎటు పోయావు?" అన్నాడు.

తల కొద్దిగా తిప్పి చూశాను. ఆయన చూపు తోటంతా వెతుకుతోంది. నా మీదకి వచ్చింది, ఆగకుండా నన్ను దాటి తొట్టి మీదకి వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ తెర మీదకి వంగాడు. వేలితో లెక్కపెట్టడం చూసి ముఖం తిప్పేసుకున్నాను.

"నలుగురున్నారు," అన్నాడు. ఆ గొంతు వణకడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి వినడం. "ఇందులో నువ్వెవరివి? బస్సు వచ్చే వేళైంది. చెయ్యెత్తు, గుర్తుపడతాను."

నా చెయ్యి కోటు జేబులో వెచ్చగా ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.