సమ్మెట పట్టిన చెయ్యి

కొలిమి ముందు కొత్త బోర్డు దిగింది. తళతళలాడే రేకు మీద ఎర్రటి అక్షరాలు: “అన్నదమ్ముల ఇనుప పనుల షాపు”. పెద్దకోడలు దాన్ని ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ కొలిమిలో సమ్మెట అందుకుంది ఆవిడ. మొగుడు ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తే అక్కడ ఆవిడ సమ్మెట పడాలి. సుత్తితో ఒట్టి దాగలిని టింగుమనిపిస్తే ఆపెయ్యాలి. ఆ హోరులో నోటిమాట వినబడదు గనక అదే వాళ్ళ భాష. ఇక మరిది సంగతంటారా, చొక్కాకి మసి అంటకుండా కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడతాడు. వీధిలో అతని పేరే ఇస్త్రీబాబు.

“మరి నా సంగతేంటి?” అని మొగుణ్ణి అడిగింది.

“నీకు బోర్డెందుకే? ఇంట్లో మనిషివి, ఏదో చేతిసాయం చేస్తున్నావు.”

చేతిసాయమట! అరచేతులు కాయలు కాసి, పొద్దున్నే తల దువ్వుకోడానికి చెయ్యి లేవని మనిషిది చేతిసాయమట!

ఇంతలో తాపీమేస్త్రి తెచ్చిన గునపం కాలింది. మొగుడు దాన్ని దాగలి మీద పెట్టి, “రా, పట్టు” అన్నాడు.

ఆవిడ చేతులు కట్టుకుంది. “అన్నదమ్ముల షాపు కదా. తమ్ముణ్ణి పిలవండి.”

ఇస్త్రీబాబు పౌరుషానికి పోయి సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకే గునపం మొన వంకర తిరిగింది. అన్న కంగారుగా దాగలిని టింగుమనిపించాడు. అంటే ఆపమని అతనికేం తెలుసు? అక్కడ కొట్టమన్నాడనుకుని ఒట్టి దాగలిని బలంకొద్దీ మోదాడు. సమ్మెట చేజారి మేస్త్రి కాళ్ళ దగ్గర పడింది. మేస్త్రి ఒక్క గెంతులో వీధిలో ఉన్నాడు.

మొగుడు ఆవిడ వైపు తిరిగాడు. “పరువు తియ్యకే. నువ్వే రా.”

ఆవిడ వచ్చింది. సమ్మెట భుజానికెత్తుకుంది. కానీ దాగలి దగ్గరికి కాదు, గోడకి చేరేసిన బోర్డు దగ్గరికి నడిచింది.

“ఓసి నీ కోపం పాడుగాను! రేకుముక్క మీదకి సమ్మెటా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే ఇదే!” అని అత్తగారు గుమ్మంలోంచి అరిచింది.

“పిచ్చుకైతే పోనిద్దును అత్తయ్యా. ఇది నా కష్టమంతా మింగి కూర్చుంది.”

మొగుడు చేతిలో ఉన్న సుత్తితో దాగలిని కొట్టాడు. టింగ్. మళ్ళీ టింగ్.

ఇన్నేళ్ళలో ఆ చప్పుడయ్యాక ఆవిడ సమ్మెట ఒక్కసారి కూడా పడలేదు.

ఈసారి పడింది. “అన్నదమ్ముల” అన్నచోట రేకు సొట్టబోయి గోడకి అతుక్కుపోయింది.

ఆవిడ సమ్మెట తెచ్చి దాగలి పక్కన నిలబడింది.

“ఇప్పుడు ఇనుము కాల్చండి” అంది.