ఫిర్యాదీ ఆవిడే, ప్రతివాదీ ఆవిడే

ఆ మేడలో ఎవరు ఏ వస్తువు కొనాలన్నా ముందు మూడో అంతస్తు తలుపు తట్టేవారు. అక్కడ ఉండే రిటైరైన టెలిఫోన్ ఆపరేటరుకు అందరూ కలిసి పెట్టిన పేరు సలహాల అత్తయ్య. ఏ మిక్సీ మోటారు ఎన్నాళ్ళు బతుకుతుందో, ఏ రంగు గోడను అంటిపెట్టుకుని ఉంటుందో, ఏది తొలి వానకే పెచ్చులూడుతుందో ఆవిడ తడుముకోకుండా చెప్పేది. అందులో చాలా భాగం నిజమయ్యేది కూడా. అందుకే, ఆయస్కాంత పరుపు మీద పడుకుంటే మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయని ఆవిడ అన్నప్పుడు ఆరిళ్ళవాళ్ళు మారుమాట లేకుండా కొనేశారు.

ఆ పరుపు ఆవిడకు ఒక అద్దె హాల్లో, ‘ఉచిత ఆరోగ్య సదస్సు’లో తారసపడింది. టై కట్టుకున్న కుర్రవాడొకడు ఆవిడను వేదిక మీదికి పిలిచి, చెయ్యి చాపి గట్టిగా నిలబెట్టమన్నాడు. రెండు వేళ్ళతో నొక్కేసరికి చెయ్యి వాలిపోయింది. ఈసారి పరుపు మీద నిలబడమని మళ్ళీ నొక్కాడు. చెయ్యి దూలంలా నిలిచింది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ఆవిడవీ ఉన్నాయి.

నెలలు గడిచాయి. మోకాళ్ళు మాత్రం మెట్లెక్కినప్పుడల్లా పాత పాటే పాడుతున్నాయి. కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో జీవితమంతా గడిపిన భర్త ఒక సాయంత్రం అడిగాడు.

“ఇంతకీ ఆ కుర్రాడు ఎక్కడ నొక్కాడు?”

“చేతిమీద. ఇంకెక్కడ నొక్కుతాడు?”

“చేతిలో ఎక్కడా అని.”

ఆవిడకు గుర్తులేదు. ఆయన లేచి వెళ్ళి, గుమ్మం ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా పట్టుకొచ్చాడు. ముందు ఉత్త నేలమీద నిలబెట్టి మణికట్టు దగ్గర నొక్కాడు. చెయ్యి వాలిపోయింది. తరవాత పట్టా మీద నిలబెట్టి మోచేతి దగ్గర నొక్కాడు. చెయ్యి కదల్లేదు.

“చూశావా మన పట్టా మహత్తు! భుజానికి దూరంగా నొక్కితే వాలుతుంది, దగ్గరగా నొక్కితే ఆగుతుంది. మనం కూడా ఒక హాలు అద్దెకు తీసుకుందామా?”

“తీసుకోండి. చప్పట్లు కొట్టడానికి నేనున్నాగా!”

ఆవిడ కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. కింది అంతస్తు వదిన గుర్తొచ్చింది.

కింది వదిన వరసకు వదిన కాదు. ఏళ్ళ తరబడి గిన్నెలూ కబుర్లూ ఇచ్చిపుచ్చుకోవడంలో వదిన అయింది. పరుపు వచ్చాక ఇక అవసరమేముందని, వైద్యుడు చెప్పిన వ్యాయామాలు మానేసింది. ఇప్పుడు గోడ పట్టుకుంటే గాని నడవలేకపోతోంది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కాని మెట్లమీద ఎదురైనప్పుడు “ఏం వదినా, ఏం వండావ్?” అనే మనిషి, ఇప్పుడు తలాడించి తప్పుకుంటోంది. పోయిన డబ్బుకన్నా ఆ తలాడింపే సలహాల అత్తయ్యకు ఎక్కువ ఖరీదుగా తోచింది.

వాడిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని కంపెనీ వాళ్ళు ఫోన్లో తేల్చేశారు. ఆవిడ నేరుగా వినియోగదారుల కోర్టుకు వెళ్ళింది. వకీలు అక్కర్లేదని, జరిగింది జరిగినట్టు రాసి రసీదూ కరపత్రమూ జతచేస్తే చాలని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఒకే రకంగా మోసపోయిన వాళ్ళందరి తరఫునా ఒక్కరే ఫిర్యాదు చేయవచ్చని కూడా చెప్పాడు. ఆవిడ తన ఇంటితోపాటు ఆ ఆరిళ్ళనూ కలిపి రాసింది. కోర్టు అందుకు అనుమతించింది.

విచారణకు ముందు రోజు కంపెనీ అధికారి పళ్ళబుట్టతో ఊడిపడ్డాడు.

“మీ డబ్బు మీకిచ్చేస్తామమ్మా. ఇబ్బంది పడ్డందుకు మరికొంత వేసి ఇస్తాం. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.”

“మిగతా ఆరిళ్ళ సంగతి?”

“వాళ్ళు మా దాకా రాలేదు కదమ్మా.” అతను గొంతు తగ్గించాడు. “పైగా, కొనేవాళ్ళను చేర్పించినందుకు మీరు మా దగ్గర ఇస్త్రీ పెట్టె పుచ్చుకున్నారు. వేదిక మీద దాన్ని అందుకుంటుండగా తీసిన ఫోటో ఉంది. అది కోర్టులో అందరి ముందూ బయటికొస్తే, మీకే బాగుండదేమో!”

ఇస్త్రీ పెట్టె మాట నిజం. దాన్ని దాచలేదు, చెప్పలేదు, అంతే అని ఇన్నాళ్ళూ తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఆ రెంటికీ తేడా లేదని ఇప్పుడు పళ్ళబుట్ట ముందు కూర్చుంటే తెలిసింది.

అధికారి వెళ్ళాక భర్త అడిగాడు. “ఏం చేద్దామని?”

“ముందు ఆ బుట్ట వెనక్కి పంపండి. ఒక్క పండు తిన్నా ఊరుకోను.”

“ఒకటి తినేశానే!”

“అయితే కొని పెట్టండి.”

మర్నాడు కోర్టు గదిలో వెనక బెంచీమీద కింది వదిన, మరి కొందరు మేడవాళ్ళు కూర్చున్నారు. ఇద్దరు సభ్యుల మధ్య కూర్చున్న అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకున్నారు. కంపెనీ వకీలు లేచాడు.

“ఈవిడ వినియోగదారే కాదని మా మనవి. ఈవిడ మా సరుకుకు ప్రచారం చేసి ప్రతిఫలం పుచ్చుకున్న మనిషి. అందుకు ఫోటో…”

“ఫోటో ఎందుకండీ శ్రమ?” అంటూ సలహాల అత్తయ్య సంచిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి బల్లమీద ఠపీమని పెట్టింది. “అసలు సరుకే తెచ్చాను.”

వకీలు చేతిలోని ఫోటో చేతిలోనే ఉండిపోయింది.

“అమ్మా,” అంది ఆవిడ అధ్యక్షురాలి వైపు తిరిగి, “నా పరుపు నేను కొనుక్కున్నాను. మిగతా ఆరూ నా మాట మీద కొన్నారు. అలా కొనిపించినందుకు ఇది నాకిచ్చారు. ఆ సంగతి వాళ్ళకు నేను చెప్పలేదు. కాబట్టి కంపెనీని మొదటి ప్రతివాదిగా ఉంచి, నన్ను రెండో ప్రతివాదిగా చేర్చండి.”

వెనక బెంచీ నుంచి కింది వదిన గొంతు ఖంగున మోగింది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నా మోకాళ్ళు అరిగిపోతుంటే నువ్వు ఇస్త్రీ పెట్టె సంపాదించావా? కనీసం నా బట్టలైనా ఇస్త్రీ చేసి పెట్టాల్సింది కదే!”

గది గొల్లుమంది. ఒక సభ్యుడు కాగితాల చాటున నవ్వుకున్నాడు. నిశ్శబ్దం పాటించండి అన్న అధ్యక్షురాలి గొంతులోనూ గాంభీర్యం సగమే పలికింది.

“ఒకే మనిషి ఆ వైపూ ఈ వైపూ నిలబడడం కుదరదమ్మా,” అన్నారు ఆమె. “మీరు కొన్నది మీ వాడకానికే. ఒక బహుమతితో మీరు వ్యాపారి అయిపోరు.” తరవాత వకీలు వైపు తిరిగారు. “కొన్నవాళ్ళ చేతే, వాళ్ళను నమ్మినవాళ్ళకు అమ్మించడం మీ పద్ధతి అన్నమాట. దీన్ని మేము అడగకముందే మీరే బయటపెట్టారు. సరే, ఈ పరుపు నొప్పులు తగ్గిస్తుందనడానికి ఏదైనా పరీక్షా ఫలితం ఉందా?”

“వేలమంది అనుభవం ఉందండీ.”

“అనుభవం వెనక బెంచీమీద కూర్చుని ఉంది. నేను అడిగింది పరీక్ష.”

వకీలు ఫోటోను కాగితాల్లో దూర్చేసి కూర్చున్నాడు.

తీర్పు ఏడిళ్ళకూ వర్తించింది. పరుపులు కంపెనీయే తన ఖర్చుతో తీసుకుపోవాలి, సొమ్మంతా తిరిగివ్వాలి, వ్యాయామాలు మాని నష్టపోయిన కింది వదిన చికిత్స ఖర్చు భరించాలి. కొనేవాళ్ళను చేర్పిస్తే బహుమతులిచ్చే పద్ధతి మానుకోవాలి. నొప్పులు పోతాయన్న మాటకు ఆధారం లేదని, తొలి ప్రకటన ఏ పత్రికలో ఎంత పెద్ద అక్షరాలతో వచ్చిందో అదే పత్రికలో అంతే పెద్ద అక్షరాలతో ప్రకటించాలి.

కోర్టు మెట్లు దిగేటప్పుడు కింది వదిన పక్కనున్న కమ్మీని ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి ఎవరూ అడక్కుండానే సలహాల అత్తయ్య భుజం మీద వేసింది. కాని మేడ చేరేదాకా మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడించడానికి ప్రయత్నించలేదు.

పరుపులు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. కింది వదిన మళ్ళీ వ్యాయామాలు మొదలుపెట్టింది. ఒక ఉదయం మూడో అంతస్తు తలుపు చప్పుడైంది. మధ్యమధ్య ఆగుతూ మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది ఆవిడే.

“ఏం వదినా, ఏం వండావ్? అది సరేగాని, మా ఫ్రిజ్ మూలుగుతోంది. కొత్తది కొనాలి. ఏది తీసుకోమంటావ్?”

సలహాల అత్తయ్య నోరు తెరిచింది. మూసింది. కుర్చీ ముందుకు జరిపింది.

“నాకు తెలీదు వదినా.”

లోపలి గదిలో భర్త చదువుతున్న పత్రిక దించి, విన్నది నిజమేనా అని తొంగిచూశాడు.

“తెలీకపోతే తెలుసుకుందాం,” అంది కింది వదిన కుర్చీలో కూలబడుతూ. “రేపు ఇద్దరం కలిసి దుకాణానికి పోదాం. నువ్వు ప్రశ్నలడుగు. నేను కూర్చుని వింటాను.”