కుంచె ఆవలి కొస

హేమంతము కడపటి దినములు. సముద్రమునకు ఆమడ దూరమున నున్న ఆ నేతపల్లె మీద వేకువను దిగిన పొగమంచు ప్రొద్దు బారెడెక్కిన పిదపను లేచుటకు మనసొప్పక రేకుల చూరులను పట్టుకొని వ్రేలాడుచు కరెంటు తీగల మీద బొట్టుబొట్టుగా కూడుకొని ఎవ్వరో మరచిన చీరల యంచులను బరువెక్కించుచు వీధి యీ కొన నిలుచున్నవానికి ఆ కొన యున్నదో లేదో తెలియనీయకుండెను. ఆ తెలుపులోనుండి మగ్గముల చప్పుడు మాత్రము వినవచ్చుచుండెను. అదియు ఒకప్పటివలె వీధి పొడవునను గాదు. ఇక్కడొకటి అక్కడొకటి, నిదురపట్టని ముసలివారి దగ్గువలె.

వీధి నడిమి యింటి యరుగు మీద మార్కండేయులు అను నేతగాడు మోకాళ్లను చేతులతో చుట్టుకొని మంచు విచ్చుటకై యెదురుచూచుచు కూర్చుండియుండెను. వయసు అరువదికి చేరువ. భార్య భ్రమరాంబ గతించి రెండేండ్లు దాటెను. సంతానము కలుగలేదు. అన్నము తానే వండుకొనును. కూర వండవలెనని తలచి వంకాయలు కోసి అంతలో అలసి వానిని నీళ్లలో విడిచి పచ్చడితో తినును. ఒడలికి రోగమేమియు లేదు. అయినను ఉదయము లేచి పక్కచుట్ట చుట్టుటయే ఒక దినపు కష్టమంతటి కష్టముగా తోచుచుండెను. అట్టి వానికిని కొన్ని యుపకారములు జరుగకపోలేదు. ఎదురింటి నాంచారమ్మ యను వృద్ధురాలు దినదినము తిట్టుచునే మజ్జిగ చెంబు పెట్టి పోవును. భ్రమరాంబ నాటిన మల్లెతీగ నీరు పోయకున్నను బ్రతికియున్నది. ఇట్టి యుపకారములను అతడు గమనించును. గమనించి ఎవ్వరితోను చెప్పడు.

ఆ దినమున అతని పడుగునకు గంజి పెట్టవలసియుండెను. ఆ పని యెట్టిదో ఎరుగనివారి కొరకు కొంత చెప్పవలసియున్నది. పడుగనగా వస్త్రమునకు నిలువుపోగులు. వానిని వీధి పొడవున వెదురుకొయ్యల మీద నడుమెత్తున సాచి కట్టి గంజి పట్టించి నిలువెడు పొడవు గల కుంచెను అడ్డముగా నుంచి ఈ వైపున నొకడును ఆ వైపున నొకడును దాని కొసలను పట్టుకొని ఒకరి మొగమొకరు చూచుచు ఒకే యడుగున వీధి యీ చివరనుండి ఆ చివరకు పోగు పోగును విడదీయుచు ఆరునంతవరకు దువ్వవలెను. నడుమ ఆగరాదు. ఆగిన చోట గంజి బిగిసి పోగులు ఒకదానినొకటి అంటుకొనిపోవును. అంటుకొనిన పడుగు మగ్గమునకు పనికిరాదు. ఇంటిలో బిడ్డ యేడ్చినను వీధిలో శవము పోయినను కుంచె పట్టినవారు కొస చేరక నిలువరనుట ఆ వీధి నియమము. ఎత్తును అడుగును ఊపిరియు సరిపడిన యిద్దరు దొరకుట యరుదు గనుక కుదిరిన జోడీని ఎవ్వరును విడదీయరు. ఇప్పుడందరును మిల్లునుండి గంజి పెట్టిన పడుగులనే తెచ్చుకొనుచుండిరి. చేతి గంజితో నేసిన గుడ్డ మెత్తదనము నెరిగిన ముసలివారు ఒకరిద్దరు మాత్రమే యీ పని విడువలేదు.

యౌవనమున మార్కండేయుని జోడీ శంభులింగము. ముప్పదియేండ్లకు పైబడిన మాట. అనుదినము ఉదయమున కుంచె కిరుప్రక్కల నడచుచు ఒకరి కన్నులలోనికొకరు చూచుటయే పనిగా గల ఆ యిద్దరి నడుమ నుండినదానికి వీధి స్నేహమని పేరు పెట్టెను. అది ప్రేమ. ఆ మాట వారు నోట పలుకలేదు గాని ఎరుగకయు నుండలేదు. ఒకనాడు శంభులింగము సూరత్తునకు పోవుదమనియు అచ్చట మరమగ్గముల మిల్లులలో పని దొరకుననియు ఒక గది తీసికొని యిద్దరును కలసి బ్రతుకవచ్చుననియు అడిగెను.

"ఈ పడుగు దిగనీరా. దిగినాక వస్తా" అని మార్కండేయులు బదులు చెప్పెను.

పడుగు నేత ముగిసి మగ్గమునుండి దిగెను. కాని నేతయింట మగ్గమును ఖాళీగా నుంచరు. దిగుచున్న పడుగు చివరలకే క్రొత్త పడుగు పోగులను మెలిపెట్టి అతుకుదురు. అట్లు అతికిన పడుగు దిగులోపల మేనమామ కూతురితో అతనికి పెండ్లి కుదిరెను. శంభులింగము ఒంటరిగా రైలెక్కెను.

భ్రమరాంబతో అతని కాపురము కలహములు లేనిది. ఆమెకు అతడు మంచివాడు. అతనికి ఆమె మంచిది. కడపటి జబ్బులో అతడు జావ త్రాగించుచుండగా ఆమె ఒకనాడు గిన్నెను చేతితో ప్రక్కకు నెట్టి, "నీ జోడీగాడు యాడుండాడో కనుక్కోరాదా? నేను పోతే నువ్వు తిండి తినవు" అనెను. మార్కండేయులు గిన్నెను మరల దగ్గరకు జరిపి గరిటె ముంచెను. ఆమె మరల ఆ మాట యెత్తలేదు. ఎత్తకుండుట గూడ ఆమె చేసిన దయయే యని అతడు చాలకాలమునకు గ్రహించెను.

ఇప్పుడు శంభులింగము ఊరిలోనే యుండెను. అక్క మరణింపగా పెద్దకర్మకు వచ్చెను. సూరత్తులోని మిల్లు మూతపడుటచే షోలాపురములో ఒక గిడ్డంగికి కావలివానిగా కుదురుకొని ఆ మధ్యాహ్నపు రైలునకే టికెట్టు కొనియుండెను. కర్మనాడు వారిద్దరును ఎదురుపడిరి. బాగుంటివా యని యొకడును బాగుంటినని యొకడును పలికి విస్తళ్ల యెదుట దూరదూరముగా కూర్చుండిరి.

ఇరువురిని కూర్చినది నాంచారమ్మ. ముందటి సాయంకాలమున మజ్జిగ చెంబు దించుచు ఆమె అడిగెను.

"ఏరా మార్కండా, నీ పడుగు చుట్టినట్టే ఉందే, ఎలకలకు పెడదామనా?"

"జోడీ యాడుండారు పిన్నీ? కుర్రోళ్ళను కుంచె పట్టమంటే నవ్వి పోతన్నారు."

"మన శంభులింగం ఉండాడుగా! రేపు మధ్యానం గదా రైలు. పొద్దున ఖాళీయే. అడగరాదూ?"

"నేనెట్టా అడిగేది?"

"నోటితో. పోనీ నేనడిగొస్తాలే. నాకేం సిగ్గు, పళ్ళే లేకపాయె."

అట్లు అడుగబడినవాడై శంభులింగము మంచు విచ్చుచున్న వేళ తలకు తువాలు చుట్టుకొని వచ్చి వీధిలో నిలిచెను. జుట్టు నెరసెను. భుజములు వంగెను. నవ్వునప్పుడు ఎడమకన్ను ముందుగా మూసికొను అలవాటు మాత్రము పోలేదు.

"ఒకటే షరతు. గట్టిగా మాట్టాడాల. మిల్లు నా చెవులు తినేసింది" అని యతడు కుంచె కొసను చేతబట్టి మార్కండేయుని నఖశిఖపర్యంతము చూచి, "పొట్టోడివయ్యావే!" అనెను.

"నువ్వేవన్నా పెరిగావా?"

"ఇద్దరం సమానంగా కుంగాంలే. కుంచె వాలదు."

అది నిజము. కుంచె ఏ ప్రక్కకును వాలలేదు. గంజి వాసన లేచెను. అడుగు వెంట అడుగు పడెను. దేహములు ముసలివైనను పాదములు తమ లెక్కను మరువలేదు. మాటలాడకయే వారు వీధి చివరకు పోయి మరలి వచ్చి మరల పోయిరి. చివర నిలిచి నీరు త్రాగునప్పుడు మార్కండేయులు అడిగెను.

"షోలాపురంలో ఎవరుండారు నీకు?"

"గోడౌనుంది. దానికి తాళముంది. తాళం పక్కన నేను కూర్చుంటా."

"ఈడనే ఉండరాదూ" అని మార్కండేయులు నేలచూపులతో గొణిగెను.

"ఏవన్నావ్?"

"ఏంలేదు. గంజి చాలుద్దా అంటన్నా."

శంభులింగము మూతి తుడుచుకొనెను. వినెనో వినలేదో తెలియలేదు. "నేను ఒకసారి అడిగినోణ్ణిరా. రెండోసారి అడగను. ఆ ఓపిక మిల్లులోనే అయిపోయింది" అని మాత్రము పలికి కుంచె నెత్తుకొనెను.

ఎండ పదునెక్కెను. పడుగు సగము తడియును సగము పొడియునై అన్నిటికంటె జాగరూకత వలసిన దశకు వచ్చెను. నాంచారమ్మ యరుగు మీద వీధి స్త్రీలు రాట్నములు ముందిడుకొని నూలు కండెలు చుట్టుచుండిరి. సరిగా వారి యెదుటికి వచ్చునప్పటికి మార్కండేయుని చూపు కుంచె ఆవలి కొసను పట్టిన చేతి మీద నిలిచెను. చర్మము వదులై నరములు తేలి బొటనవ్రేలి గోరు నల్లబడిన ఆ చేయి మఱికొన్ని యడుగులలో కుంచెను దించును, నీళ్లతో కడుగుకొనును, సంచి యందుకొనును. కొస చేరిన పిదప చెప్పుదమన్నచో స్నానమైన పిదప యని తోచును. స్నానమైన పిదప భోజనమైన పిదప యని తోచును. అంతలో రైలు పోవును. తన్ను గూర్చి ఈ సంగతి మార్కండేయులెరిగినంతగా లోకమున మరియెవ్వరును ఎరుగరు.

అతడు నిలిచిపోయెను. కుంచె ఆగెను.

"అడుగెయ్యరా! ఏవయింది? నెప్పా?" అని శంభులింగము కేకవేసెను.

"పోబాక."

"ఏందీ?"

మెల్లగా చెప్పుటకు వీలులేకపోయెను. మార్కండేయులు బ్రతుకున నెన్నడు నెత్తని గొంతు నెత్తి, "పోబాకరా శంభూ!" అని యరచెను. అరుగు మీద రాట్నములన్నియు ఒక్కమారుగా నిలిచెను.

నాంచారమ్మ లేచి నిలిచి, "ఓరి మీ తెలివి తెల్లారా! ఆపబాకండి, నడవండి! పడుగు అంటుకపోద్ది!" అని గోలపెట్టెను.

"అంటుకపోనీ పిన్నీ" అని యామెవైపు తిరుగకయే చెప్పి అతడు శంభులింగముతో, "నా యింట్లో ఉండు. చుట్టంగా కాదు. నాతో ఉండు. నాకు నువ్వు కావాల. అప్పుడూ కావాల్సినోడివే. నోరు రాలేదు" అనెను.

శంభులింగము కుంచెను ముందుకు నెట్టబోయెను. "ముందు నడువు. కొసకు పోయినాక మాట్టాడుకుందాం. నీ బువ్వరా ఇది!"

"కొసకు పోయినాకంటే నేను అడగనురా. నా సంగతి నీకు తెలవదా?"

గంజి తెల్లబారుచుండెను. పోగులు పదులు పదులుగా ఒకదానివైపొకటి వాలి అంటుకొనుచుండుట ఇరువురును చూచుచుండిరి. బ్రతుకంతయు నూలు నడుమ గడపినవారి కన్నులకు అది చూడరాని దృశ్యము. శంభులింగము కుంచె కొసను మెల్లగా పడుగు మీదనే విడిచెను. ఈవలకు చుట్టి వచ్చుటకు సగము వీధి నడువవలెను. అతడు నడువలేదు. తువాలు బిగించుకొని వంగి పడుగు క్రిందుగా దూరెను. దూరినవాడు ఈవలకు తల వెలికి వచ్చిన పిదప కదలలేకపోయెను. గంజి చుక్కలు అతని చెవి మీదను మెడ మీదను కారుచుండెను.

"లేపరా. మోకాళ్ళు పట్టేసినయ్" అని యతడు నేలనుండి చేయి చాచెను. "ఇట్టాంటి మోకాళ్ళోణ్ణా నువ్వు ఉండమనేది?"

"ఆ మోకాళ్ళోణ్ణే."

మార్కండేయులు రెండు చేతులతో అతనిని లేవదీసెను. లేచిన పిదపను ఆ చేతిని విడువలేదు. శంభులింగము కూడ విడిపించుకొనలేదు.

అనదగిన మాటలు ఆ యరుగు మీదివారికి లేకపోలేదు. ఏండ్ల తరబడి గుసగుసలుగా ననుకొనినవియు ఎన్నడు ననరానివియు వారి నాలుకల చివరనే యుండెను. మార్కండేయులు ఆ మాటల కొరకు నిరీక్షించుచుండెను.

"టికెట్టు కొన్నావుగదరా?" అని నాంచారమ్మ అడిగెను.

"కొంటే కొన్నాలే పిన్నీ" అని శంభులింగము చెప్పెను.

ఆమె ఆ ముడివడిన చేతులను చూచెను. పిమ్మట అరుగు దిగి చెంబులోని నీటితో చేతులు తడుపుకొని, "బెల్లంకొట్టిన రాళ్ళల్లే చూస్తారేందే? రండి! ఎండ ముదిరితే ఇంక విడవదు. తడిచేతుల్తో పట్టండి, గోళ్ళు తగలనీబాకండి" అని స్త్రీల నదలించెను. పనికి సిద్ధపడిన ఆ యిద్దరిని మోచేతితో నెట్టి, "మీరు దీని జోలికి రాబాకండి. చేసింది చాలు. పొయ్యి కూర్చోండి" అనెను.

స్త్రీలు పడుగునకు ఇరుప్రక్కల వరుసగా నిలిచి వంగి అంటుకొనిన పోగులను వ్రేళ్లకొనలతో ఒక్కొక్కటిగా విడదీయసాగిరి. కొన్ని విడివడెను. కొన్ని తెగెను. తెగినవానిని ఎవరో నిట్టూర్చి ముడివేసిరి. తన యింటి యరుగు మీద మార్కండేయులు తువాలు చెంగును తడిపి శంభులింగము చెవి మీది గంజిని తుడుచుచుండెను. అతడు పసివానివలె తల వంచి తుడువనిచ్చుచుండెను. వీధిలో పట్టపగలు పదిమంది నడుమ ఇట్టిది జరుగుట అదియే మొదలు. అయినను పోగులు విడదీయువారు పనినుండి చూపు మరల్చరాదు గనుక ఒక్కరును అటు చూడలేదు. ఆఖరి పోగు విడివడెను. చేయవలసిన పని యేమియు మిగులలేదు. అప్పటికిని ఆ స్త్రీలు అటువైపు చూడక తలలు వంచుకొని చాలసేపు అట్లే నిలిచియుండిరి.